పదకొండు మిల్లీగ్రాములు

వేలి ఉంగరం కన్నా కాస్త పెద్దది, అంతే.
బల్ల మీద పడితే లోహంలా మోగదు,
చింతగింజ రాలిన చప్పుడు.
కర్బన నారల్ని జడలా అల్లి
పాలిమర్ జిగురు తాగించి
గ్రాఫైటు పొడి కలిపి
ఒత్తిడిలో ఉడికించిన బుష్ ఇది.
మూడొందల ఇరవై డిగ్రీల పొయ్యిలో
నాలుగొందల గంటలు
ఉక్కు ఇరుసును మోసి వచ్చింది.
చుక్క నూనె అడగలేదు.

త్రోల్‌హెట్టాన్‌లో తెల్లారడానికి ఇంకా మూడు గంటలుంది.
జనవరి. కాలువ గేట్ల మీద మంచు పెళ్లలు కట్టింది.
పట్టకారుతో ఉంగరాన్ని ఎత్తి
గాజు తలుపుల త్రాసులో పెడుతోంది ఐనా.
ఊపిరి బిగబట్టింది,
ఆ త్రాసు ఊపిరిని కూడా తూస్తుంది మరి.

ఆమె పేరుకి
ఫిన్లాండు నుంచి వలసొచ్చిన నాన్న భాషలో
ఎప్పటికీ అని అర్థం.
మన చెవికి మాత్రం
అయినప్పటికీ అని వినబడుతుంది.
రెండూ ఆమెకు నప్పుతాయి.

తరుగు: పదకొండు మిల్లీగ్రాములు.
ఎక్కడికి పోయాయవి?
ఇరుసు మీదికే.
తొలి గంటల్లో రాపిడి గీత
బెదిరిన పిల్లి వీపులా లేస్తుంది.
బుష్ తనలోంచి కొంచెం కొంచెం రాల్చి
ఉక్కు గరుకులో బూడిదరంగు పొరగా పరుస్తుంది,
ఆపైన
తన మీద తానే జారుతుంది.

"అరగడమే కందెన" అన్నాడు సిక్స్‌టెన్,
నైట్ డ్యూటీలో తత్వం ముంచుకొస్తుంది అతనికి.
"మరీ ఎక్కువ అరిగితే చెత్తబుట్టే" అంది ఐనా.

పోయిన నెల అరుగుదల మూడింతలైంది.
అదే జిగురు, అదే అల్లిక, అదే బరువు.
మూడు వారాలు రెజిన్ డబ్బాల మీద అనుమానం,
సరఫరాదారుకి ఘాటైన ఉత్తరం.
చివరికొక రాత్రి
పగిలిన పెదవిని నాలుకతో తడుపుకుంటూ
టక్కున ఆగిపోయింది ఐనా.
చలికాలపు గాలి. ఒట్టి ఎండుగాలి.
గ్రాఫైటు రేకులు జారాలన్నా
కాసింత తడి కావాలి.
గాలి గొట్టాన్ని నీళ్ల సీసా గుండా తిప్పింది.
గీత దిగింది.
నూనె వద్దన్నదానికీ దాహం ఉంటుంది.
సరఫరాదారుకి రెండో ఉత్తరం సిక్స్‌టెనే రాశాడు,
చాలా పొట్టిది.

ఆమె నాన్న తౌనో
వేనెర్న్ సరస్సు ఒడ్డున పేపరు మిల్లులో కందెన మనిషి.
కాగితాన్ని ఆరబెట్టే రోలర్ల ఆవిరిలో ముప్పై ఒక్క ఏళ్లు,
భుజాన గ్రీజు గన్ను, చేతిలో కర్ర.
కర్ర ఒక కొస బేరింగుకి, ఒక కొస చెవికి.
"ఏడోదానికి పంటి నొప్పి" అని
రాత్రి భోజనాల దగ్గర చెప్పేవాడు,
ఇంట్లో మనిషి సంగతిలా.
గోళ్ల కింది నలుపు ఆదివారం కూడా వదిలేది కాదు.

ఒకసారి ఈ ఉంగరం తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.
తిప్పి చూశాడు. వాసన చూశాడు.
వాసనే లేదు.
"దీనికి ఎవరూ కందెన పెట్టక్కర్లేదా?"
"అక్కర్లేదు."
"మరి దీన్ని చూడ్డానికి ఎవరెళ్తారు?"

ఐనా కాఫీ పోసింది.

ఇప్పుడు కొత్త ఉంగరం బిగించి మోటారు వేసింది.
పద్నాలుగు సెన్సర్లు,
ప్రతి సెకనుకీ ఒక అంకె.
సిక్స్‌టెన్ బన్నుల కోసం కిందికి దిగాక
సొరుగు అడుగు నుంచి కర్ర తీసింది.
నూనె తాగి తాగి నల్లబడ్డ బర్చ్ కర్ర,
ఒక కొస నున్నగా, చెవి ఆకారంలో అరిగింది.
పొయ్యికి అవతల చల్లగా ఉన్న చట్రానికి ఆనించి
తల వంచింది.

ఎక్కడో లోపల
ఉన్ని మేజోళ్లతో ఎవరో
చెక్క నేల మీద అటూ ఇటూ.

వ్యాఖ్యలు అని ఉన్న గడి
ఏడాదిగా ఖాళీగానే ఉంటోంది పుస్తకంలో.
ఐనా పెన్ను వెతుక్కుని రాసింది:
వెళ్లి చూశాను.